జీన్ యాప్ చూసే అమ్మాయికి ఏ కోర్సు?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లె. అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో ఏడు. ఎప్పుడు చూసినా ఫోన్‌లో ఏదో జీన్ (జన్యువుల) యాప్. మా చెల్లెలి చిన్నబ్బాయికి బీటా తలసేమియా, అదే పుట్టుకతో వచ్చే రక్తజబ్బు. ఆ యాప్ చూసి, వాళ్ల పెద్దబ్బాయితో మేం అనుకున్న సంబంధం వద్దంటోంది. నీట్ లాంగ్‌టర్మ్ పెట్టించాలా, ప్రైవేటు యూనివర్సిటీలో బీటెక్ బయోఇన్ఫర్మాటిక్స్‌లో చేర్చాలా? అర ఎకరం కొబ్బరితోట అమ్మడానికైనా సిద్ధమే.

జవాబు: అయ్యా, కోర్సు గురించి అడిగారు గానీ మీ బెంగంతా సంబంధం మీదే ఉంది. ముందు అదే మాట్లాడుకుందాం.

తలసేమియా పిల్లాడికి లోపమున్న జీన్ తల్లి నుంచీ తండ్రి నుంచీ వస్తుంది. అంటే మీ చెల్లెలు క్యారియర్, తనకు జబ్బు లేకపోయినా లోపమున్న జీన్‌ని మోసే మనిషి. ఆ లోపం మీకూ, మీ ద్వారా అమ్మాయికీ వచ్చి ఉండొచ్చు. వాళ్ల పెద్దబ్బాయి ఆరోగ్యంగా ఉన్నా క్యారియర్ అయ్యే అవకాశం మూడింట రెండొంతులు. ఇద్దరూ క్యారియర్లయితే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. మీ అమ్మాయి భయం ఇదీ. దాన్ని ఎదురుచెప్పడంగా తీసుకోకండి. అసలు ఇంటర్ చదివే పిల్లకి ఇప్పటినుంచే సంబంధం అనుకోవడమేమిటండీ?

అయితే యాప్‌తో ఇది తేలదు. ఈ జబ్బుకు సంబంధించిన జీన్ పేరు హెచ్‌బీబీ. యాప్‌లో ఆ పేరు కొడితే అది 11వ క్రోమోజోమ్ మీద ఉందనీ, హిమోగ్లోబిన్‌లోని బీటా గొలుసుకు సంబంధించిందనీ, దాంట్లో ఇంతవరకు కనిపెట్టిన లోపాలు ఇవీ అనీ చూపిస్తుంది. జీన్ల వివరాలు అందరికీ అందుబాటులో ఉంచే ఎన్‌సీబీఐ, ఓమిమ్ లాంటి డేటాబేసుల్లో ఉన్న సమాచారమే అది. మీ పిల్ల ఒంట్లో ఏముందో దానికెలా తెలుస్తుంది? క్యారియరా కాదా అని చూసే హెచ్‌పీఎల్‌సీ అనే రక్తపరీక్ష ఉంది, డాక్టర్ని అడిగి మీరూ అమ్మాయీ చేయించుకోండి.

ఇక బయోఇన్ఫర్మాటిక్స్, అంటే జీన్ల లాంటి జీవశాస్త్ర సమాచారాన్ని కంప్యూటర్‌తో విశ్లేషించే చదువు. ఈ పేరు పెట్టుకున్న బీటెక్‌ల మీద నాకు గట్టి అనుమానాలున్నాయి. బ్రోచర్ మీద డీఎన్ఏ బొమ్మ, కింద ప్లేస్‌మెంట్ల మాట. ఎవరికి, ఏ పనిలో వచ్చాయని అడిగితే చాలాచోట్ల అవి మామూలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలే. అసలు పని చేయాలంటే స్టాటిస్టిక్స్, ప్రోగ్రామింగ్ బాగా రావాలి. బైపీసీ పిల్లలు లెక్కలు వదిలేసి రెండేళ్లవుతుంది. పైగా ఈ రంగంలో చెప్పుకోదగ్గ ఉద్యోగాలు ఎక్కువగా ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ తర్వాతే. నాలుగేళ్ల డిగ్రీకి తోట అమ్మేస్తే ఆ పై చదువుకి ఏం అమ్ముతారు? కొబ్బరితోట జోలికి వెళ్లకండి.

లాంగ్‌టర్మ్ అమ్మాయే కోరుకుంటే ఒక్క ఏడాది, అంతే. మీ ఆశ కోసమైతే వద్దు.

నన్నడిగితే కాకినాడ పి.ఆర్. కాలేజీ లాంటి ప్రభుత్వ కాలేజీలో బీఎస్సీ చేస్తూ, పక్కన స్టాటిస్టిక్స్, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోవడం మేలు. తర్వాత ఉస్మానియాలో జెనెటిక్స్ ఉంది, జీఏటీ-బీ అనే ప్రవేశపరీక్ష రాసి బయోటెక్నాలజీ ఎమ్మెస్సీకి వెళ్లొచ్చు. జెనెటిక్ కౌన్సెలింగ్ అని ఇంకో దారి కూడా ఉంది. మీలాంటి కుటుంబాలను కూర్చోబెట్టి, పరీక్ష ఎందుకో, ఫలితానికి అర్థమేమిటో విడమరిచి చెప్పే పని. మేనరికాలు ఇంకా జరిగే మన కోనసీమలో అలాంటి మనిషి అవసరం చాలా ఉంది. మీ అమ్మాయి ఇంట్లో ఆ పని ఇప్పటికే మొదలుపెట్టింది, మీరే వినలేదు.

టెన్షన్ పడకండి, పిల్ల చెడిపోలేదు. 2020లో కొన్ని జీన్ల పేర్లు మార్చారు. కంప్యూటర్లో పట్టికలు వేసే ఎక్సెల్ ఆ పాత పేర్లను తేదీలుగా మార్చేస్తోందని. ఆ కథేమిటో అమ్మాయిని అడగండి. ఉత్సాహంగా వెతికి చెప్పిందంటే ఆమె ఈ దారిలో నిలబడుతుంది. విసుక్కుంటే ఆసక్తి తలసేమియా వరకేనేమో, అప్పుడు మళ్లీ రాయండి, వేరే కోర్సులు చూద్దాం.