డాక్టర్ సలహా: పాడేముందు గుండె దడ... ఎవరో ఇచ్చిన మాత్ర మాత్రం వద్దమ్మా

ప్రశ్న: నా వయసు 37. నాలుగేళ్లుగా కర్ణాటక సంగీతం నేర్చుకుంటున్నాను. ఇంట్లో, టీచర్ దగ్గర బాగానే పాడతాను. మైక్ ముందు కూర్చుంటే మాత్రం గుండె దడ, నోరెండిపోవడం, చేతులు వణకడం. వినాయక చవితి పందిట్లో రెండో చరణం మర్చిపోయి మధ్యలోనే లేచి వచ్చేశాను. మాతో పాడే ఒకావిడ ప్రొప్రనలాల్ మాత్రలు ఇచ్చారు. దసరాకు 20 ఎంజీ వేసుకుంటే వణుకు తగ్గింది. ఆ రాత్రి కొంచెం ఆయాసంగా అనిపించింది, ఏసీ హాలు వల్ల అనుకుంటా, చలికాలంలో ఎలాగూ ఇన్‌హేలర్ వాడుతుంటాను. త్యాగరాజ ఆరాధనకు గుడిలో ఒక కీర్తన ఒంటరిగా పాడాలి. ఈసారి 40 వేసుకోవచ్చా? గొంతుకు మంచి టానిక్ ఏదైనా చెప్పండి. - ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: వద్దు. 40 కాదు, 20 కూడా వద్దు. ముందు ఆ మాత్రలు తీసి పక్కన పెట్టి, తర్వాత మిగతాది చదవండి.

మీరు అడిగింది స్టేజ్ ఫియర్ గురించి. నేను మాత్రం 'చలికాలంలో ఎలాగూ ఇన్‌హేలర్' అన్న ముక్క దగ్గరే ఆగిపోయాను. ఆ ఇన్‌హేలర్ ఎవరు రాశారు, ఏ మందుది, వారానికి ఎన్నిసార్లు అవసరమవుతోంది, ఏమీ రాయలేదు. ఎలాగూ అంటూ దాటేసే విషయం కాదమ్మా అది. మీకు ఆస్తమా ఉందనే అనుకుని రాస్తున్నాను, లేదని తేలితే నాకన్నా సంతోషించేవాళ్లు ఉండరు.

సభలో భయం వేసినప్పుడు ఒంట్లో అడ్రినలిన్ పొంగుతుంది. గుండె వేగం, చేతుల వణుకు దాని పనే. ప్రొప్రనలాల్ ఆ అడ్రినలిన్ మాట గుండె వినకుండా చేస్తుంది కాబట్టి దడ తగ్గుతుంది, అందులో అబద్ధం లేదు. 1960లలో గుండె నొప్పి కోసం వచ్చిన మందు ఇది, దాన్ని తయారుచేసిన జేమ్స్ బ్లాక్‌కు 1988లో నోబెల్ కూడా ఇచ్చారు. మంచి మందే. కానీ అది గుండె దగ్గరే ఆగదు. ఊపిరి గొట్టాలను వదులుగా ఉంచేది కూడా అదే అడ్రినలిన్, ఆ మాట ఊపిరి గొట్టాలూ వినకుండా పోతే ఆస్తమా ఉన్నవాళ్లలో అవి బిగుసుకుపోతాయి. ఆయాసం వచ్చింది కదా అని ఇన్‌హేలర్ పీలిస్తే, అందులో సాధారణంగా ఉండే, ఊపిరి గొట్టాలను తెరిచే సాల్‌బుటమాల్ వెళ్లి తట్టాల్సిన తలుపుకు ఈ మాత్ర ముందే గడియ పెట్టేసి ఉంటుంది. అంటే ఆపదలో మీరు నమ్ముకున్న మందే సరిగ్గా పనిచేయకపోవచ్చు. దసరా రాత్రి మీకు వచ్చిన ఆయాసం ఏసీ వల్లే అయి ఉండొచ్చు, నేను చూడలేదు కాబట్టి కాదని అనలేను. మాత్ర వల్ల అయ్యే అవకాశం కూడా గట్టిగానే ఉంది, అందుకే రెండోసారి పరీక్షించి చూడొద్దంటున్నాను.

కొన్నేళ్ల క్రితం నేను రాత్రి డ్యూటీలో ఉండగా ఓ వయొలిన్ కుర్రాడిని తీసుకొచ్చారు. పట్టుపంచె, భుజాన జరీ కండువా, నుదుట బొట్టు చెమటకు కారిపోయి ఉంది. మంచం అంచున ముందుకు వంగి, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి కూర్చున్నాడు, పేరు అడిగితే రెండక్షరాలు చెప్పి ఊపిరి కోసం ఆగుతున్నాడు, పిల్లికూతలు స్టెతస్కోప్ పెట్టకుండానే వినబడుతున్నాయి. ఇన్‌హేలర్ అప్పటికే ఎనిమిది తొమ్మిది సార్లు పీల్చాడట, ఫలితం లేదు. ఏం మందు వేసుకున్నావంటే జేబులోంచి ఓ స్ట్రిప్ ముక్క తీశాడు. కత్తెరతో కత్తిరించిన ముక్క, రెండు మాత్రలు మిగిలాయి, వెనక పేరు ఉండాల్సిన చోట చివరి మూడు అక్షరాలే ఉన్నాయి. ఇచ్చిన స్నేహితుడు ఫోన్ ఎత్తేదాకా అదేమిటో మాకు తెలియలేదు. ఆక్సిజన్, స్టెరాయిడ్, వేరే దారిలో పనిచేసే నెబ్యులైజర్ మందులు పెట్టి రాత్రంతా చూసుకుంటే తెల్లారేసరికి తేరుకున్నాడు. అతనూ మీలాగే, ఉబ్బసాన్ని పెద్దగా లెక్కచేయనివాడే.

అందుకే ఈ విషయంలో కాస్త గట్టిగా మాట్లాడతాను, ఏమీ అనుకోకండి. స్ట్రిప్ మీద నిలువుగా ఎర్ర గీత ఉంటుంది చూడండి, డాక్టర్ చీటీ లేకుండా వాడొద్దని దాని అర్థం. మీకు ఇచ్చినావిడ మంచి మనసుతోనే ఇచ్చి ఉంటారు. కానీ ఆవిడ మీ నాడి చూడలేదు, బీపీ చూడలేదు, ఆయాసం ఉందా అని అడగలేదు. గుండె నెమ్మదిగా కొట్టుకునేవాళ్లకు, బీపీ తక్కువ ఉండేవాళ్లకు కూడా ఈ మాత్ర ముప్పే. షుగర్‌కు ఇన్సులిన్ తీసుకునేవాళ్లలో షుగర్ పడిపోయినప్పుడు హెచ్చరికగా వచ్చే దడ, వణుకు దీనివల్ల తెలియకుండా పోతాయి. అలాగని బీపీకో, మైగ్రేన్‌కో, గుండెకో డాక్టర్ రాసిచ్చి దీన్ని రోజూ వాడుతున్నవాళ్లు ఎవరైనా ఇది చదివి ఉన్నట్టుండి మానేయకండి, అలా ఆపడం మరీ ప్రమాదం. మీ డాక్టర్‌ను అడగండి.

ఇంకో సంగతి. కచేరీకి ముందు గొంతు బాగుండాలని రెండుసార్లు ఇన్‌హేలర్ పీల్చే అలవాటు ఉందా మీకు? కొందరికి ఉంటుంది. సాల్‌బుటమాల్ వల్ల కూడా చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది. జలుబు మాత్రలు కొన్నింటితో కూడా అంతే, పైగా వాటితో నోరెండిపోతుంది. ఆపైన రెండు కప్పుల ఫిల్టర్ కాఫీ. మీరు భయమనుకుంటున్న దానిలో కొంత భాగం ఇదే కావచ్చు. అయితే నా మాట విని అవసరమైనప్పుడు ఇన్‌హేలర్ మానకండి, అవసరం లేనప్పుడు వాడుతున్నారేమో చూసుకోమంటున్నాను. మీది స్టెరాయిడ్ ఉన్న ఇన్‌హేలర్ అయితే పీల్చిన ప్రతిసారీ నీళ్లతో పుక్కిలించి ఉమ్మేయాలి, లేకపోతే గొంతు జీరపోవచ్చు, నోట్లో తెల్లపూత రావచ్చు. పాడేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

ఈ వారంలోనే ఛాతీ డాక్టర్‌ను కలిసి స్పైరోమెట్రీ చేయించుకోండి. ఊది చూసే పరీక్ష, కాసేపటి పని. దసరా రాత్రి సంగతి దాచకుండా చెప్పండి. హీమోగ్లోబిన్, థైరాయిడ్ కూడా చూడమనండి, ఎందుకంటే రక్తం తక్కువైనా థైరాయిడ్ ఎక్కువైనా దడ వస్తుంది. పాడనప్పుడు కూడా దడ వస్తున్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, కళ్లు తిరిగి పడిపోయినా ఈసీజీ తప్పనిసరి. ఈలోగా ఎప్పుడైనా మాట పూర్తిచేయలేనంత ఆయాసం వస్తే 108కు ఫోన్ చేయండి, తెల్లారనిద్దాం అనుకోవద్దు.

ఇక భయం సంగతి. దడ పూర్తిగా పోవాలని పట్టుబట్టకండి, దడ ఉండగానే పాడటం అలవాటు కావాలి. వినాయక చవితినాడు చరణం మర్చిపోవడం నాకు పెద్దగా అనిపించలేదు, లేచి వచ్చేయడమే నన్ను ఆలోచనలో పడేసింది. లేచి వచ్చేయగానే గుండె కుదుటపడుతుంది చూడండి, అప్పుడు మెదడు 'స్టేజీ దిగితేనే క్షేమం' అని నేర్చుకుంటుంది, తర్వాతిసారి ఇంకా ముందే దడ మొదలవుతుంది. అమెరికా గాయని బార్బ్రా స్ట్రైసాండ్ 1967లో న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌లో పాడుతూ మాటలు మర్చిపోయారు. ఆ భయంతో ఊరూరా తిరిగి చేసే కచేరీ యాత్రలకు పాతికేళ్లకు పైగా దూరంగా ఉండి, 1994లో గానీ మళ్లీ మొదలుపెట్టలేదు. అంతటి మనిషికే దూరంగా ఉన్నకొద్దీ భయం కరగలేదు. ఈసారి మర్చిపోతే పల్లవి ఎత్తుకోండి, అది మాత్రం నిద్రలో లేపినా వచ్చేలా ఉంచుకోండి. సాహిత్యం కాగితం ఎదురుగా పెట్టుకోవడం తప్పేమీ కాదు.

ఆరాధన రోజున ఎలాగూ పంచరత్న గోష్ఠిగానం ఉంటుంది కదా, పదిమంది మధ్య మొదటి వరుసలో కూర్చుని పాడండి, అక్కడ గొంతు తెరుచుకున్నాక మీ వంతు వచ్చేలా నిర్వాహకులను అడగండి. దానికి ముందు కొన్ని వారాలపాటు ఇంట్లోవాళ్ల ముందు, తర్వాత పక్కింటివాళ్లను పిలిచి, తర్వాత ఖాళీ గుడి మంటపంలో మైక్ పెట్టించుకుని, అదే కీర్తన, అదే శ్రుతిలో పాడుతూ రండి. కొత్త కీర్తన పెట్టుకోవద్దు. పాడబోయే ముందు ఐదు నిమిషాలు శ్రుతిపెట్టె వింటూ ముక్కుతో నెమ్మదిగా గాలి తీసుకుని, తీసుకున్నదానికన్నా ఎక్కువసేపు వదలండి, నాలుగు లెక్కపెడుతూ తీసుకుంటే ఆరు లెక్కపెడుతూ వదలడం అన్నమాట. భయంలో ఊపిరి పైపైన ఛాతీలోనే ఆడుతుంది, అందుకే పాట మధ్యలో దమ్ము చాలదు. ఊపిరి విషయం మీ టీచర్ నాకన్నా బాగా చెబుతారు.

పాట ఒక్కటే కాకుండా ఆఫీసు మీటింగ్‌లో మాట్లాడటం, పెళ్లిళ్లకు వెళ్లడం కూడా మానుకుంటుంటే సైకాలజిస్ట్‌ను కలవండి. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అని మాటలతో చేసే చికిత్స ఉంది, దీనికి బాగా పనిచేస్తుంది. అవసరమైతే సైకియాట్రిస్ట్ మందులు రాస్తారు. ఆల్ప్రజోలం లాంటి నిద్ర మాత్రలు సొంతంగా వేసుకోవద్దు, మత్తుకు జ్ఞాపకం మందగించి గుర్తున్న చరణం కూడా పోతుంది.

టానిక్ అడిగారు. అలాంటిదేదీ లేదమ్మా, గోరువెచ్చని నీళ్లు గుటక గుటకగా తాగండి, ఊరికే గొంతు సవరించుకోకండి, కడుపునిండా తిని వెంటనే పాడకండి. ఇదంతా మిమ్మల్ని చూడకుండా రాస్తున్నది, ప్రిస్క్రిప్షన్ కాదు, మీ డాక్టర్ వేరేలా చెబితే అదే చేయండి.

ఒక్క పని మాత్రం ఈరోజే చేయాలి. మాత్ర ఇచ్చినావిడకు ఫోన్ చేసి, మీ గోష్ఠిలో ఇంకా ఎవరెవరికి ఇచ్చారో, వాళ్లలో ఎవరికైనా ఆయాసం ఉందేమో కనుక్కోండి.