ఏడో నెలలో ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ: రోజూ రెండు ఇంజెక్షన్లు బిడ్డకు ప్రమాదమా?

మీ చెల్లెలికి ఏడో నెలలో ఊపిరితిత్తుల్లో గడ్డ ఉందని తేలి రోజుకు రెండు ఇంజెక్షన్లు రాశారని, బిడ్డకేమైనా అవుతుందేమోనని భయపడి నిన్న సాయంత్రం డోసు ఎగ్గొట్టిందని రాశారు. ముందు ఆ సంగతి డాక్టరుకు ఫోన్ చేసి చెప్పండి, మీ అంతట మీరు రెండు డోసులు కలిపి వేయకండి. నేను రాసింది తర్వాత తీరిగ్గా చదవచ్చు.

నాకు రెండో కాన్పప్పుడు 31వ వారంలో ఇదే జరిగింది. నాలుగు రోజులుగా ఎడమ పిక్క పట్టేసినట్టుంది, కుడికాలికి ఎక్కే చెప్పు ఎడమకాలికి ఎక్కడం లేదు, కడుపుతో ఉన్నప్పుడు కాళ్లకు నీరు రావడం మామూలేగా అని ఊరుకున్నాను. ఒక్క కాలే వాస్తే అనుమానించాలని అప్పుడు నాకెవరూ చెప్పలేదు. గర్భిణులకు గడ్డ ఎక్కువగా ఎడమకాల్లోనే కడుతుంది, ఆ కాలి నుంచి వచ్చే సిర పొత్తికడుపులో ఒక ధమని కింద నలుగుతుంది, దానికి తోడు గర్భసంచి బరువు. ఆ గడ్డలో ముక్క తెగి రక్తంతో పాటు పోయి ఊపిరితిత్తుల్లో ఇరుక్కుంటుంది. ఐదోరోజు కూర్చుని జడ వేసుకుంటుంటేనే ఆయాసం, గట్టిగా ఊపిరి పీలిస్తే పక్కటెముకల దగ్గర సూదితో పొడిచినట్టు. మొదట చూసినచోట గ్యాస్ అన్నారు. ఆ రాత్రి కళ్లు తిరిగి పడిపోయాక ఇంకో ఆసుపత్రికి తీసుకెళ్లారు.

అక్కడ సీటీ స్కాన్ అనగానే వద్దని మొండికేసింది నేనే. ఆ స్కాన్‌లో బిడ్డకు చేరే రేడియేషన్ మామూలుగా 1 మిల్లీగ్రే కూడా ఉండదని, హాని గురించి ఆలోచించాల్సింది 50 దాటితేనని డాక్టరు చెప్పాక ఒప్పుకున్నాను. గడ్డను వదిలేస్తే తల్లికే ఊపిరాడదు, ఇక బిడ్డకు ఆక్సిజన్ ఎక్కడినుంచి వస్తుంది?

ఇంజెక్షన్ విషయానికొస్తే, నాకిచ్చింది ఎనాక్సాపరిన్, బరువులో కిలోకు 1 మిల్లీగ్రాము లెక్కన 12 గంటలకోసారి. అది మాయ దాటి బిడ్డలోకి పోదు. దాటేది ఇదే పనికి వాడే వార్ఫరిన్ అనే మాత్ర, అందుకే కడుపుతో ఉండగా దాని జోలికి పోరు. ఇంకో సంగతి, ఈ ఇంజెక్షన్ గడ్డను కరిగించదు, పెరగకుండా ఆపుతుందంతే, కరిగించుకునేది మన ఒళ్లే, మెల్లగా. డోసు తప్పితే గడ్డ మళ్లీ పెరగడానికి వీలు దొరుకుతుంది. బీపీ పడిపోయి ప్రాణం మీదికొస్తే మాత్రం గడ్డను కరిగించే మందే ఇస్తారు, విపరీతంగా రక్తం పోయే ప్రమాదం ఉంటుందని తెలిసే. నాకు అంతదాకా రాలేదు, రెండు రోజులు ఆక్సిజన్‌తో గట్టెక్కాను.

ఇంట్లో వేసింది మా ఆయన. మొదటిరోజు ఆయన చేయి వణికింది, నేనే తిట్టి వేయించుకున్నాను. పొట్ట బిగిసిపోయి చర్మం చేతికి దొరకదు, పక్కల్లో వెతికి మడతపట్టాలి. ముందే నింపి వచ్చే సిరంజిలో ఉన్న చిన్న గాలిబుడగను బయటికి కొట్టకూడదు, గుచ్చాక రుద్దకూడదు. ఎంత జాగ్రత్తపడినా కమిలింది, నా పొట్ట చూసి అమ్మ ఏడ్చేసింది. ఏ పూట ఏ వైపు వేశామో క్యాలెండర్ మీద ‘ఎ’, ‘కు’ అని రాసుకునేవాళ్లం, లేకపోతే మర్చిపోతాం!

కాన్పు గురించి ఇప్పట్నుంచే మాట్లాడిపెట్టుకోండి. నాకు తేదీ ముందే పెట్టి, 24 గంటల ముందు ఇంజెక్షన్ ఆపారు, నడుముకు మత్తు ఇవ్వాలంటే ఆ వ్యవధి కావాలి. ఆలోపే నొప్పులు మొదలైతే తర్వాతి డోసు వేసుకోకుండా నేరుగా వచ్చేయమన్నారు. బిడ్డ పుట్టేసింది కదా అని మానేయడం కుదరదు, గడ్డ భయం బాలింతకే ఇంకా ఎక్కువ. కాన్పయ్యాక కనీసం 6 వారాలు, మొత్తం మీద 3 నెలలకు తగ్గకుండా వాడాలి. నన్ను అప్పుడు వార్ఫరిన్‌కు మార్చారు, పాలిస్తూనే వేసుకున్నాను.

ఆయాసం మళ్లీ ఎక్కువైనా, దగ్గులో రక్తం పడినా, కళ్లు తిరిగినా తెల్లారేదాకా ఆగకండి. తర్వాతెప్పుడైనా పిల్లలు పుట్టకుండా మాత్రలు రాస్తే ఈ గడ్డ సంగతి నోరు తెరిచి చెప్పమనండి, ఈస్ట్రోజన్ ఉన్నవి తనకు పనికిరావు.