నొక్కేది కాదు, వదలనిది కొను

చిరంజీవి మేనల్లుడికి,
మావయ్య ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన మూడు ఫొటోలూ చూశాను. "వీటిల్లో ఏ స్ప్రింగ్ కంప్రెసర్ కొనమంటావు మావయ్యా?" అని అడిగావు. నీ క్యామ్రీ కారు షాకబ్జర్లు నువ్వే మార్చుకోవడానికి, స్ప్రింగుని నొక్కి పట్టుకునే పనిముట్టు కదా అది. ఫోన్లో ఏదో ఒకటి చెప్పేసి పెట్టేస్తే నాకు నిద్ర పట్టదు. ముప్పై ఐదేళ్లు విజయవాడ ఆటోనగర్‌లో చేసిన పనుల్లో, చేసిన ప్రతిసారీ నాకు భయం వేసిన పని ఇదొక్కటే. అందుకే కూర్చుని రాస్తున్నాను. నిదానంగా చదువు.

ముందు ఆ స్ప్రింగులో ఏముందో తెలుసుకో. నీ క్యామ్రీ నేల మీద నిలబడి ఉన్నప్పుడు ముందువైపు ఒక్కో స్ప్రింగు సుమారు నాలుగు వందల కిలోలు మోస్తుంది. జాకీ వేసి చక్రం గాల్లోకి లేపినా స్ప్రింగు పూర్తిగా సాగిపోదు. కింద అది కూర్చునే సీటుకీ, పైన బాడీకి బిగించే మౌంటుకీ మధ్య ఇంకా బిగుసుకునే ఉంటుంది. దాన్ని అలా కట్టి ఉంచేది షాకబ్జర్ రాడ్ కొసన ఉన్న ఒకే ఒక్క సెంటర్ నట్టు. బానెట్ ఎత్తితే కనిపించే మూడు చిన్న నట్లు వేరు, అవి స్ట్రట్‌ని, అంటే స్ప్రింగు, షాకబ్జర్ కలిసి ఉన్న ఆ మొత్తం భాగాన్ని, బాడీకి పట్టి ఉంచేవి. వాటిని విప్పితే స్ట్రట్ మొత్తం కిందికి దిగుతుంది, అంతే. మధ్యలో ఉన్నదాని జోలికి మాత్రం స్ప్రింగు కంప్రెసర్‌లో ఉంటే తప్ప వెళ్లకూడదు.

మా వీధిలోనే ఒక షెడ్డులో, మారుతి 800 స్ట్రట్ విప్పుతుంటే జరిగింది చెబుతాను. కంప్రెసర్ బిగించారు, స్ప్రింగు చక్కగా నొక్కుకుంది. పని నేర్చుకుంటున్న కుర్రాడు పైనున్న నట్టు తిప్పుతున్నాడు. ఎదురెదురుగా ఉండాల్సిన రెండు హుక్కులూ మెల్లగా చుట్ల మీద జారుతూ ఒకవైపుకి చేరాయి. ఎవరూ గమనించలేదు. స్ప్రింగు విల్లులా వంగి ఒక్కసారిగా తప్పించుకుంది. పైనున్న మౌంటు ఎగిరి వచ్చి వాడి దవడకి తగిలింది. ఆస్పత్రికి ఆటోలో నేనే తీసుకెళ్లాను. బతికాడు, కానీ నెలల తరబడి జావ తాగే బతికాడు. తర్వాత ఆ పనిముట్టు చేతిలోకి తీసుకుని చూస్తే మర బాగానే ఉంది, రాడ్లు వంగలేదు. హుక్కులకు లాక్ పిన్నులు లేవు. పిన్నులు ఎప్పుడో పోతే ఎవరూ పట్టించుకోలేదు.

అప్పటి నుంచి కంప్రెసర్ కొనేటప్పుడు నేను చూసింది ఎంత బాగా నొక్కుతుందని కాదు. నొక్కడం ఏ బోల్టైనా చేస్తుంది. నొక్కిన దాన్ని జారనివ్వకుండా పట్టుకోవడమే అసలు పని.

ఇప్పుడు నీ ఫొటోల సంగతి. మూడోది, స్ప్రింగు లోపలి నుంచి రాడ్ దూర్చి నొక్కేది, నీకు పనికిరాదు. అది స్ప్రింగు ఒకచోట, షాకబ్జర్ వేరే చోట ఉండే బళ్లకి. నీ బండిలో స్ప్రింగు మధ్యలోంచి షాకబ్జరే వెళ్తుంది కాబట్టి ఆ రాడ్ దూరే చోటే లేదు.

మొదటిది రెండు రాడ్ల జత. ఒక్కో రాడ్‌కి పైనొక హుక్కు, కిందొక హుక్కు. అన్నిటికంటే చవక, అందరి దగ్గరా కనిపించేది ఇదే. దీనితో పని జరగదని అనను, నేనూ వందల స్ట్రట్లు దీనితోనే విప్పాను. కానీ నువ్వు ఫొటో పంపిన రకంలో హుక్కు ఒంటి వేలితో స్ప్రింగు తీగను పట్టుకుంటోంది. అది వద్దు. రెండు వేళ్లతో తీగను పట్టే దవడ ఉండాలి, తీగ బయటికి జారకుండా అడ్డంగా పిన్ను గానీ లాక్ బోల్టు గానీ ఉండాలి. రాడ్ మర లావుగా, చదరపు పళ్లతో ఉంటే మంచిది. సన్నటి మర బరువు మీద త్వరగా తినేస్తుంది. ఎంత బరువుకి తయారు చేశారో పెట్టె మీద రాసి ఉండాలి. ఆ అంకె లేకపోతే ధర కూడా అడగకు.

రెండోది, రెండు వెడల్పాటి పళ్లేలు స్ప్రింగు చుట్టును సగం దాకా కౌగిలించుకునేది, మూడిట్లోకీ భద్రమైనది. ఒకే మర, ఒకే చోట తిప్పడం, జారే అవకాశం బాగా తక్కువ. ఖరీదూ అంతే ఎక్కువ. పైగా పళ్లెం సైజు నీ స్ప్రింగుకి సరిపోవాలి. స్ప్రింగు బయటి వ్యాసం, తీగ మందం టేపుతో కొలిచి, అవి ఆ పనిముట్టు హద్దులో ఉన్నాయో లేదో చూసుకో. స్నేహితుల బళ్లు కూడా చేస్తానంటే ఇదే కొను. ఒక్క బండికి, ఒక్కసారికి అయితే ఇంత పెట్టక్కర్లేదు.

మీ దగ్గర ఆటోజోన్ లాంటి పార్ట్స్ షాపులు డిపాజిట్ కట్టించుకుని పనిముట్లు ఇస్తాయి, తిరిగి ఇచ్చేస్తే ఆ డబ్బు వెనక్కి ఇస్తాయి. అది మంచి సదుపాయం. కానీ నీకంటే ముందు ఎంతమంది వాడారో, ఎలా వాడారో తెలియదు. కౌంటర్ దగ్గరే పెట్టె విప్పు. రాడ్లను నేల మీద దొర్లించి చూడు, వంగితే తెలిసిపోతుంది. నట్టును మర మొదటి నుంచి చివరి దాకా చేత్తో తిప్పు, ఎక్కడైనా పట్టేస్తే వద్దు. పిన్నులు నాలుగూ ఉన్నాయా? ఒక్కటి లేకపోయినా ఇంకో పెట్టె అడుగు. మొహమాటపడకు.

ఇంకొక మాట. నువ్వు ఉండేది మిషిగన్‌లో. చలికాలంలో రోడ్ల మీద ఉప్పు పోస్తారు. నీ బండి 2010 మోడల్, అన్ని చలికాలాలూ ఆ ఉప్పులోనే తిరిగింది. టార్చ్ వేసి స్ప్రింగుని కింది చుట్టు నుంచి పై దాకా చూడు. పెయింట్ పెచ్చులూడి, తుప్పు గుంటలు పడి ఉంటే ఆ స్ప్రింగుని కంప్రెసర్‌లో పెట్టకు. నొక్కేటప్పుడే విరగొచ్చు. అలాంటప్పుడు స్ప్రింగు, మౌంటు, షాకబ్జర్ అన్నీ బిగించి అమ్మే పూర్తి స్ట్రట్ తెచ్చుకో. మన్రో వాళ్ల క్విక్ స్ట్రట్, కేవైబీ వాళ్ల స్ట్రట్ ప్లస్ అలాంటివే. పాతది దించి కొత్తది ఎక్కించడమే, కంప్రెసర్ అవసరమే రాదు. నిజం చెప్పాలంటే నీ బండికి నా మనసు దీనివైపే మొగ్గుతోంది. స్ట్రట్ దించడం, ఎక్కించడం నీ చేతులతోనే చేస్తావు కదా, నేర్చుకోవాలన్న నీ కోరికా తీరుతుంది.

స్ప్రింగు బాగుండి కంప్రెసరే వాడేటట్లయితే, రాడ్ల మరకి ముందే గ్రీజు పెట్టు. దవడలు సరిగ్గా ఎదురెదురుగా, వీలైనన్ని ఎక్కువ చుట్లు మధ్యలోకి వచ్చేలా పెట్టు. ఈ రాడ్ నట్టు నాలుగుసార్లు, ఆ రాడ్ నట్టు నాలుగుసార్లు తిప్పుతూ రెండూ సమానంగా బిగించు. నట్లు తిప్పే ఇంపాక్ట్ గన్ మెషీన్ పెట్టకు, చేతి పానాతోనే. గన్ వేడికి మర పట్టేస్తే ఇక ముందుకూ వెళ్లదు, వెనక్కీ రాదు. స్ప్రింగు సీటులో చేత్తో కదిలేంత వదులైతే చాలు, అంతకు మించి నొక్కకు. మొహం ఎప్పుడూ స్ప్రింగు పక్కన ఉండాలి, పైన గానీ కొసకి ఎదురుగా గానీ ఉండకూడదు. సెంటర్ నట్టుతో పాటు షాకబ్జర్ రాడ్ తిరుగుతుంటే దాన్ని ప్లయర్‌తో పట్టకు. గీత పడితే కొత్త షాకబ్జర్ సీలు నెలలోనే కారుతుంది. రాడ్ కొసకి అలెన్ కీ పెట్టి పట్టుకో. కుడి, ఎడమ షాకబ్జర్లు రెండూ కలిపే మార్చు. పని అయ్యాక వీల్ అలైన్‌మెంట్ చేయించకుండా హైవే ఎక్కకు.

శనివారం మొదలుపెడతానన్నావు కదా. కంప్రెసర్ బిగించాక, సెంటర్ నట్టు ముట్టుకునే ముందు నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసి పంపు, తర్వాత వీడియో కాల్ చెయ్యి. మీకు పొద్దున పదంటే మాకు రాత్రి ఏడున్నర. భోజనం ముందే ముగించి ఫోన్ పక్కన పెట్టుకుని కూర్చుంటాను. నేను చూసి సరే అన్న తర్వాతే ఆ నట్టు మీద పానా పెట్టు.

మీ అత్తయ్య నిన్ను అడిగానని చెప్పమంది.

ఇట్లు,
మీ మావయ్య