టెక్ సందేహాలు: కొత్త కెమెరా, పాత కంప్యూటర్

ప్రశ్న: చాలా ఏళ్లు ఫిల్మ్ కెమెరా వాడాను. రీళ్లు కొనడం, కడిగించడం తప్పుతుందని ఈమధ్య 24 మెగాపిక్సెల్ మిర్రర్‌లెస్ కెమెరా తీసుకున్నాను. 8 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్ ఉన్న నా ల్యాప్‌టాప్ రా ఫైళ్లు (కెమెరా దిద్దకుండా ఇచ్చే ముడి ఫొటోలు) తెరవడానికే ఆపసోపాలు పడుతోంది. డిస్క్ కూడా నిండిపోయింది. కొత్త కంప్యూటర్ కొనాల్సిందేనంటున్నారు. అసలు ఫిల్మ్ కంటే డిజిటల్ చవకేనా?

జవాబు: కెమెరా కొనేటప్పుడు ఈ లెక్క మనకు ఎవరూ చెప్పరు. ఫిల్మ్‌లో నొక్కిన ప్రతిసారీ డబ్బు కళ్లముందే ఖర్చవుతుంది. డిజిటల్‌లో నొక్కడం ఉచితమే కానీ ఆ ఫొటోలు దాచడానికీ దిద్దడానికీ అయ్యే ఖర్చు కొన్నాళ్లాగి ఒక్కసారిగా మీదపడుతుంది. అయితే మీరు చెప్పిన వివరాలను బట్టి కంప్యూటర్ మొత్తం మార్చక్కర్లేదు.

ఈ తరగతి కెమెరాలు ఎక్కువగా పిక్సెల్‌కు 14 బిట్ల చొప్పున రా ఫైళ్లు రాస్తాయి. 24 మెగాపిక్సెల్‌కి అది ఒక్కో ఫొటోకి 42 ఎంబీ. నాణ్యత తగ్గని కంప్రెషన్ పెట్టుకుంటే సుమారు 30 ఎంబీ. అంటే 36 ఫొటోల రీలు ఇప్పుడు 1 జీబీ పైమాటే. పైగా 36 దగ్గర ఎవరం ఆగుతాం? ఒక వేడుకలో 500 తీస్తే 15 జీబీ.

నెమ్మదించడానికి కారణం వేరు. ఫొటోను ఎడిటర్‌లో 16 బిట్లలో తెరిస్తే పిక్సెల్‌కు మూడు రంగులకు రెండేసి, మొత్తం ఆరు బైట్ల చొప్పున ఒక్క పొరకు, అంటే ఒక్క లేయర్‌కే 144 ఎంబీ కావాలి. నాలుగు లేయర్లు వేసి, అన్‌డూ కోసం ఎడిటర్ దాచుకునే పాత దశలు కూడా కలిపితే జీబీల్లోకి వెళ్తుంది. ర్యామ్ చాలనప్పుడు కంప్యూటర్ డిస్క్‌నే ర్యామ్‌లా వాడుకుంటుంది. అసలు ఇబ్బంది అక్కడే మొదలవుతుంది. తిరిగే హార్డ్ డిస్క్ సెకనుకు 100 ఎంబీ దగ్గర నడిస్తే, తిరిగే భాగాలేవీ లేని సాటా రకం ఎస్‌ఎస్‌డీ 500 దగ్గరికి వస్తుంది. చిన్న చిన్న ముక్కలు చదివేటప్పుడు తేడా ఇంకా ఎక్కువ. నేనైతే ముందు ఎస్‌ఎస్‌డీ వేయించి, తర్వాత ర్యామ్ 16 జీబీకి పెంచుతాను. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది కాబట్టి కొనేముందు మీ మోడల్ సంగతి చూసుకోండి. కార్డు రీడర్ పాత యూఎస్‌బీ 2 రకమైతే 64 జీబీ కార్డు ఖాళీ కావడానికే అరగంట పడుతుంది. పోర్టు ఉంటే యూఎస్‌బీ 3 రీడర్‌కి మారండి, అది చిన్న ఖర్చే.

సాఫ్ట్‌వేర్ విషయంలో మాత్రం జాగ్రత్త. కొత్త కెమెరా రా ఫైళ్లను పాత ఎడిటర్ గుర్తించదు. కొత్త ఎడిటర్‌కి కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ కావాలి, దానికి కొత్త మెషీన్ కావాలి. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 ఏమో టీపీఎం 2.0 అనే భద్రతా భాగం లేని కంప్యూటర్లను అధికారికంగా ఒప్పుకోదు. చాలామంది కంప్యూటర్ మార్చేది ఈ గొలుసులో చిక్కుకునే. ఆ పని చేసేముందు కెమెరా కంపెనీ ఉచితంగా ఇచ్చే సాఫ్ట్‌వేర్, డార్క్‌టేబుల్, రాథెరపీ అనే ఉచిత ఎడిటర్లు ప్రయత్నించండి. ఎడోబీ డీఎన్‌జీ కన్వర్టర్ కూడా ఉచితమే. అది రా ఫైళ్లను డీఎన్‌జీ అనే ఉమ్మడి రూపంలోకి మారుస్తుంది. ఆ ఫైళ్లను పాత ఎడిటర్లు కూడా చాలావరకు తెరుస్తాయి.

బ్యాకప్ ఖర్చు తప్పించుకోకండి. నా డిస్క్ ఒకటి ఉన్నట్టుండి ఆగిపోయి రెండేళ్ల ఫొటోలు పోయాయి. అంతకుముందు తీసిన నెగెటివ్‌లు మాత్రం కవర్లలో భద్రంగా ఉన్నాయి. ఆ బాధ మీకు రాకూడదు. రెండు బయటి డిస్కులు పెట్టుకుని, ఒకటి వేరే చోట ఉంచండి.

ఇక చవకా కాదా అంటే, మీరు ఏడాదికి ఎన్ని రీళ్లు తీసేవారో రాసుకుని, ఆ ఖర్చు పక్కన ఎస్‌ఎస్‌డీ, ర్యామ్, రెండు డిస్కుల ధర వేసి చూడండి. వారానికో రీలు తీసేవారైతే డిజిటల్ త్వరగానే కలిసొస్తుంది. ఏడాదికి మూడు నాలుగు రీళ్లయితే, ఖర్చు కోసమని మారడంలో అర్థం లేదు. తీసిన రోజే కూర్చుని బాగాలేనివి తీసేసే అలవాటు చేసుకుంటే డిస్క్ కొనే అవసరం చాలాకాలం వాయిదా పడుతుంది.

ప్రశ్న: ఏఐతో నాయిస్ (ఫొటోలో కనిపించే గరుకు చుక్కలు) తీసేయడానికి ఒక్కో ఫొటోకి నిమిషాలు పడుతోంది. ర్యామ్ పెంచితే వేగం వస్తుందా?

జవాబు: పెద్దగా రాదండీ. ఆ పని ఎక్కువగా గ్రాఫిక్స్ కార్డు మీద నడుస్తుంది. చాలా ల్యాప్‌టాప్‌లలో దాన్ని మార్చలేం. ప్రింట్ వేయించే ఫొటోలకే వాడండి, లేదా అన్నీ ఎంచుకుని రాత్రికి వదిలేయండి.

ప్రశ్న: నేను ఫిల్మ్ మీదే ఉన్నాను, స్కాన్ చేసుకుంటాను. ఈ ఖర్చులు నాకు తప్పినట్టేనా?

జవాబు: తప్పవు. 35 ఎంఎం ఫ్రేమును 4000 డీపీఐలో (అంగుళానికి 4000 చుక్కలు) స్కాన్ చేస్తే సుమారు 21 మెగాపిక్సెళ్లు వస్తాయి. నాణ్యత తగ్గని 16 బిట్ల టిఫ్‌గా దాస్తే ఒక్కోటి 120 ఎంబీ దాటుతుంది, రా ఫైల్ కంటే బరువు. కాకపోతే డిస్క్ పోయినా మీ దగ్గర నెగెటివ్ ఉంటుంది, మళ్లీ స్కాన్ చేసుకోవచ్చు.