నామినీగా పేరుంటే సరిపోదు, ఇద్దరూ వీలునామా రాయండి

ప్రశ్న: మాకు పిల్లల్లేరు. ఫ్లాట్ మావారి పేరు మీద ఉంది, ఆయన స్వార్జితం. డిపాజిట్లకు నేనే నామినీ. నా జీతంతో కొన్న స్థలం, నాన్నగారు పోయాక నా వాటాకొచ్చిన ఎకరం పొలం నా పేరున ఉన్నాయి. మామగారు లేరు, అత్తగారు మా దగ్గరే ఉంటారు. వీలునామా మాటెత్తితే ‘అన్నీ నీకేగా, ఇప్పుడెందుకా మాటలు’ అంటారాయన. నిజమేనా?
– ఒక సోదరి, గుంటూరు

జవాబు: కాదమ్మా, అన్నీ మీకే రావు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం, వీలునామా లేకుండా ఆయనకేమైనా అయితే ఫ్లాట్‌లో సగం మీకు, సగం మీ అత్తగారికి. ఆవిడ తర్వాత ఆ సగం ఆవిడ మిగతా పిల్లలకు పోతుంది, అప్పుడు మీరు ఇల్లు అమ్మాలన్నా వాళ్ల సంతకాల కోసం తిరగాలి. డిపాజిట్లదీ అదే లెక్క. బ్యాంకు డబ్బు నామినీ చేతికిస్తుంది, అంతే, హక్కు మాత్రం వారసులది. షేర్ల విషయంలో సుప్రీంకోర్టు 2023లో ఇదే మాట చెప్పింది.

మీ ఆస్తి సంగతి చాలామంది ఆలోచించరు, నాకు బాధ అక్కడే. మీ కష్టార్జితమైన స్థలం మీవారికి వస్తుంది, ఆయన అప్పటికే లేకపోతే మీ అమ్మగారికి కాదు, మీ అత్తగారి వైపు వాళ్లకే వెళ్తుంది. పొలం మాత్రం మీకు పిల్లల్లేరు కాబట్టి మీ నాన్నగారి వారసులకు పోతుంది, మీవారికి సెంటు కూడా రాదు. మీరు కోరుకునేది ఇదేనా?

కాకపోతే ఇద్దరూ విడివిడిగా రాయండి. స్టాంపు పేపర్ అక్కర్లేదు, తెల్లకాగితం చాలు. మీ సంతకం చూసిన ఇద్దరు సాక్షులు మీ ఎదుటే సంతకాలు పెట్టాలి, ఆస్తి ఎవరికి రాస్తున్నారో వాళ్లనే సాక్షిగా పెట్టకండి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చేయించుకోమనే నేను చెబుతాను, తర్వాత సంతకం దొంగదని ఎవరైనా అన్నా గట్టిగా నిలబడొచ్చు. ‘నాకంటే ముందే నా భర్త పోతే ఫలానావారికి’ అన్న వాక్యం మర్చిపోవద్దు.

వీలునామా రాస్తే ఆస్తి చేజారిపోతుందని మీవారికి టెన్షన్ ఉంటే, ఆయన బతికున్నంతకాలం అంతా ఆయనదేనని, ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చని, చివరిదే చెల్లుతుందని చెప్పండి. అత్తగారు బతికున్నంతకాలం ఆ ఫ్లాట్‌లోనే ఉండే హక్కు కూడా అందులో రాయమనండి, ఆ పెద్దావిడకు నీడ ఉండాలి కదా.

ముస్లిం, క్రైస్తవ కుటుంబాలకు ఈ లెక్క వేరు, వాళ్లు విడిగా లాయర్ని అడగాలి.