అక్కడ అసైన్డ్ అంటే భూమి కాదు, మనిషి

బ్రిటన్ నుంచి ఖైదీలుగా ఆస్ట్రేలియా వచ్చి, శిక్ష అయ్యాక భూమి తీసుకుని స్థిరపడినవాళ్ళు రోజూ ఎలా బతికారో చిన్న కోర్టుల రికార్డుల్లో దొరుకుతుందా అని ఒకరు అడిగారు. దొరుకుతుందండి, కాకపోతే ఓపిక కావాలి.

నేను ఉండేది సిడ్నీ పడమటి వైపు. హారిస్ పార్క్‌లో విగ్రామ్ స్ట్రీట్ మనవాళ్ళందరికీ తెలుసు. అక్కడ బిర్యానీ తిని నాలుగడుగులు వేస్తే ఎక్స్‌పెరిమెంట్ ఫార్మ్ వస్తుంది. ఆ నేల ఒకప్పుడు జేమ్స్ రూస్ అనే ఖైదీది. దొంగతనం కేసులో ఉరిశిక్ష పడి, అది ఏడేళ్ళ ద్వీపాంతరంగా మారితే, 1788లో ఖైదీలను తెచ్చిన మొదటి ఓడల్లో వచ్చాడు. 30 ఎకరాలు ఇచ్చారు. అప్పటి లెక్క అదే: శిక్ష తీరిన ఒంటరి మగాడికి 30, పెళ్ళయితే మరో 20, పిల్లకో 10. రూస్ 1793లో దాన్ని జాన్ హారిస్ అనే సర్జన్‌కి అమ్మేశాడు. ఊరికి ఆ హారిస్ పేరే మిగిలింది.

మావాడి స్కూల్ ప్రాజెక్టు పుణ్యమా అని పాత ప్రభుత్వ రికార్డులు చూసుకునే చోటు, కింగ్స్‌వుడ్‌లో ఉన్న స్టేట్ ఆర్కైవ్స్ రీడింగ్ రూముకి వెళ్ళాను. మైక్రోఫిల్మ్ తిప్పుతూ గోధుమ పండించే ఒక రైతు కథ మూడు పేజీలు రాసుకున్నాను. తీరా అక్కడి ఆవిడ "ఏ ఓడలో వచ్చాడు?" అని అడిగేసరికి నోట మాట లేదు. ఒకే పేరున్న ఇద్దరిని కలిపి ఒకడిని చేశాను! జాన్ స్మిత్‌లాంటి పేర్లు అక్కడ కుప్పలు. మనకి ఇంటిపేరు ఎలాగో వాళ్ళకి ఓడ పేరు అలాగ, దాంతోనే మనిషిని గుర్తుపట్టాలి. మళ్ళీ మొదటికొచ్చి ఇంకో రెండు శనివారాలు పోయాయి.

ఇక అసలు సంగతి. అసైన్డ్ అనగానే మనకి భూమి గుర్తొస్తుంది. అక్కడ అసైన్డ్ అంటే మనిషే. ఖైదీని ప్రభుత్వం ఒక రైతుకి పనికి అప్పగించేది. నిన్నటిదాకా ఖైదీగా ఉన్నవాడు కూడా భూమి రాగానే ఇలా మనిషిని తెచ్చుకునేవాడు. అయితే యజమాని తన చేత్తో కొరడా తీయడానికి చట్టం ఒప్పుకోదు, మేజిస్ట్రేటు దగ్గరికి తీసుకెళ్ళాల్సిందే. బెంచ్ బుక్కులు, అంటే ఆ మేజిస్ట్రేటు కోర్టుల రికార్డు పుస్తకాలు, ఇంత లావుగా ఉండటానికి ముఖ్య కారణం అదే. చెప్పకుండా పోయాడు, ఎదురు మాట్లాడాడు, తాగి పడిపోయాడు, పని ఎగ్గొట్టాడు: పేజీ తర్వాత పేజీ ఇదే. తీర్పు ఒక్క ముక్కలో ఉంటుంది, 25 కొరడా దెబ్బలనో, ఇన్ని రోజులు జైలు గదిలోననో. 1832 చట్టం వచ్చాక ఒక్క మేజిస్ట్రేటు 50 దెబ్బలకి మించి వేయకూడదు. ఆడవాళ్ళనైతే పరమట్టాలోని ఫిమేల్ ఫ్యాక్టరీకి, అంటే ఆడ ఖైదీల చేత పని చేయించే జైలుకి, పంపేవారు.

నేనైతే తీర్పు వదిలేసి సాక్ష్యం చదవమంటాను. బూట్ల పేచీ తీసుకోండి. అడుగు ఊడిపోయింది, పొలంలోకి ఎలా దిగను అంటాడు పనివాడు. ఇచ్చిన బట్టలూ బూట్లూ రమ్ముకి అమ్ముకున్నాడు అంటాడు యజమాని. టీ, చక్కెరదీ అదే గొడవ. పిండి, మాంసం ఇచ్చి తీరాలి, టీ చక్కెరలు మాత్రం యజమాని దయ. కోపమొస్తే ముందు ఆపేసేది అవే. ఆ రెండు మాటల మధ్యలో గుడిసె, పొయ్యి, కోత రోజులు అన్నీ కనిపిస్తాయి. చిన్న రైతుకి కోర్టు దాకా నడవడం కూడా నష్టమే, కోతల్లో రోజు పోతుంది, పైగా దెబ్బలు తిన్నవాడు వెంటనే వంగి పని చేయలేడు.

ఒకటి మర్చిపోకండి. బెంచీ మీద కూర్చున్న మేజిస్ట్రేట్లలో చాలామంది కూడా భూస్వాములే, వాళ్ళ దగ్గరా ఇలాంటి పనివాళ్ళే ఉండేవారు. పనివాడి మాట ఒక్క వాక్యం, యజమాని మాట అర పేజీ ఎందుకుంటుందో వేరే చెప్పక్కర్లేదు.

మొదలుపెట్టాలంటే 1828 జనాభా లెక్కలు పట్టుకోండి. వయసు, ఓడ, మతం, ఎకరాలు, పశువులు, ఎవరి దగ్గర పని చేస్తున్నాడు, అన్నీ ఉంటాయి. పేరు పక్కన ఎఫ్.ఎస్. అంటే శిక్ష తీరినవాడు, జి.ఎస్. అంటే ఇంకా ఖైదీ. ఓడ పేరు దొరికాక బెంచ్ బుక్ తెరవండి, నాలా ముందే తెరవకండి.