డివైడర్ల మీద పాకే పసుపు పూల మొక్క గుంటగలగరేనా?

కాదు, డివైడర్ల మీదా అపార్ట్‌మెంట్ గేట్ల దగ్గరా చాపలా పరుచుకునేది వెడీలియా, మధ్య, దక్షిణ అమెరికాల నుంచి అందం కోసం తెచ్చుకున్న మొక్క. తలనూనెలో కాచుకునే మామూలు గుంటగలగరకి తెల్ల పూలు. తికమక ఎందుకంటే, పసుపు పూల గుంటగలగర అని నిజంగానే ఇంకొకటి ఉంది, అది వెడీలియాకి బాగా దగ్గరి చుట్టం, రెండూ చామంతి కుటుంబమే, రెండూ ఏళ్ల తరబడి బతికేవే. పువ్వుని నమ్ముకుంటే తేలదు, ఆకు చూడండి. వెడీలియా ఆకు మందంగా నిగనిగలాడుతుంది, అంచున పళ్లుంటాయి, చాలావరకు రెండు పక్కలా పొడుచుకొచ్చి మూడు పాయలుగా కనిపిస్తుంది. పసుపు గుంటగలగర ఆకు సన్నగా, పొడవుగా, పాయల్లేకుండా ఉంటుంది, తడి నేలంటే దానికి ఇష్టం.

వెడీలియాని పెంచడానికి పెద్ద టెన్షన్ అక్కర్లేదు. కణుపులున్న జానెడు తీగ ముక్కని తడి మట్టిలో పడుకోబెడితే నేల తగిలిన కణుపు దగ్గరల్లా వేరు పోసుకుంటుంది. దానితో చిక్కు కూడా ఇదే: కత్తిరించిన తీగల్ని కాలవ గట్టున పారేస్తే అక్కడే అల్లుకుపోయి వేరే మొక్కల్ని లేవనివ్వదు, కాబట్టి కుండీలోనే ఉంచండి. పసుపు పువ్వు కనబడింది కదా అని తెంపుకొచ్చి తలనూనెలో మాత్రం కాచకండి.